కాలికి పెట్టించిన వాత

నేను చదివింది నాలుగో తరగతి దాకా. ఐదో తరగతి పుస్తకం కొన్నారు గానీ, అది తెరవకముందే మా నాయన నన్ను మిరపకాయలు కోసే పనికి పంపించాడు. కాబట్టి రాతలో తప్పులుంటే మీరే దిద్దుకుని చదవండి. నంద్యాలలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ముప్పై ఒక్క ఏళ్లు ఆయాగా చేసి ఈ మధ్యనే మానుకున్నాను. ఇప్పుడు ఆ పనికి కొత్తగా చేరే ఆడపిల్లలు కనిపించినప్పుడల్లా అడుగుతుంటారు, "అవ్వా, నీ సర్వీసులో నువ్వు చేసిన గొప్ప పనేంది?" అని. గొప్ప పనులు డాక్టర్లు చేస్తారు. మన వంతుకు మిగిలేవి తప్పులు. నా తప్పుల్లో అన్నిటికంటే పెద్దది చెబుతాను. మనసు పెట్టి చదవండి, ఫోన్లు పక్కన పెట్టండి.

నా ఆఖరి రెండేళ్లలో మా ఆస్పత్రికి ఒక మిషను వచ్చింది. కాలేయంలో గడ్డ ఉండి, కోసి తీయడానికి వీల్లేనివాళ్లకు దాంతో వైద్యం. మనిషికి మత్తిచ్చి పడుకోబెడతారు. అడుగున పల్చటి పొర ఉన్న తొట్టి లాంటిది పొట్ట మీద బిగించి, దాన్నిండా నీళ్లు పోస్తారు. ఆ నీళ్లలో మిషను తల మునుగుతుంది. అందులో పుట్టిన చప్పుడు నీళ్లలోంచి, చర్మంలోంచి లోపలికి పోయి సరిగ్గా గడ్డ మీదే పడుతుంది. పడి పడి దాన్ని నలిపి గంజి చేస్తుంది. ఆ గంజిని ఒళ్లే మెల్లగా పీల్చేసుకుంటుంది. కోత లేదు, కుట్టు లేదు, కాల్చడం లేదు. దగ్గర నిలబడితే బల్లి పలికినట్టు టిక్కుటిక్కుమని వినిపిస్తుంది, అంతే.

అందులో నా పని నీళ్లు. నీళ్లలో గాలిబుడగ ఉంటే చప్పుడు లోపలికి పోదట. అందుకని గాలి తీసిన నీళ్లు వేరుగా తయారుచేస్తారు. వాటిని బుడగ లేవకుండా అందించాలి, పని అయిపోయాక తోడెయ్యాలి. తోడినవి పారబోయమన్నారు. నేను పారబోయలేదు, వాటితో వరండా తుడిచాను. అంత కష్టపడి గాలి తీసిన నీళ్లను మోరీలో పోయడానికి నాకు చేతులు రాలేదు.

ఒకరోజు ఆళ్లగడ్డ దగ్గరి పల్లె నుంచి ఒక పెద్దాయన, ఆయన భార్య వచ్చారు. ఆయనకు డెబ్బై దాటాయి. భూములున్న రైతు. చక్కెర జబ్బు చాలా ఏళ్లుగా ఉంది. కాలేయంలో రెండు గడ్డలు, అందులో ఒకటి పెద్ద రక్తనాళానికి ఆనుకుని ఉంది. మా డాక్టరమ్మది చిన్న వయసు, పెద్ద ఓపిక. కుర్చీ దగ్గరికి జరుపుకుని చెప్పింది.

"పెద్దాయనా, కోసి తీస్తే నీ ఒళ్లు తట్టుకోలేదు. సూది దించి గడ్డను కాల్చే వైద్యం ఒకటి ఉంది. కానీ నీ గడ్డ పక్కనే రక్తం పారుతోంది. పారే కాలవ పక్కన పొయ్యి పెడితే వేడి నిలుస్తుందా? అందుకే కాల్చకుండా చేస్తాం. రెండుసార్లుగా చేస్తాం. ఇప్పుడు ఒక గడ్డ, నెల తర్వాత రెండోది."

"అయితే కాల్చే వైద్యం ఉండాది," అన్నాడాయన.

"ఉంది. నీకు పనికిరాదు."

"ఉండాది గదా," అని భార్య వైపు తిరిగి తల ఊపాడు.

ఆ తల ఊపడం నేను చూశాను. దాని అర్థం నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది.

మొదటి గడ్డకు అనుకున్న రోజే చేశారు. ఆయన భార్య తలుపు బయట కూర్చుని, లోపల టిక్కుమన్నప్పుడల్లా నేల మీద వేలితో తట్టి "సత్యం, సత్యం" అనుకుంది. ఆమెకు వేలు నొప్పి పుట్టింది గానీ తట్టడం ఆపలేదు. సాయంత్రానికి పెద్దాయనకు మెలకువ వచ్చింది.

"ఎప్పుడు మొదలుపెడతారు మేయ్?" అన్నాడు నన్ను చూసి.

"అయిపోయింది పెద్దన్నా."

"ఏం అయిపోయింది?"

"నీ గడ్డ పని."

దుప్పటి ఎత్తి పొట్ట చూసుకున్నాడు. చేత్తో తడిమాడు. ఒకవేళ వెనక నుంచి కోశారేమోనని పక్కకు ఒత్తిగిలి వీపు తడిమాడు.

"నన్ను లోపలికి తీస్కపోయినారా, ఈడనే పండబెట్టి లేపినారా?"

"తీస్కపోయినారు. నా చేత్తోనే నీళ్లు అందిచ్చినా."

"నీళ్లా," అన్నాడు. "నీళ్లు పోసి పంపిస్తాండారన్న మాట."

మర్నాడు ఇంటికి పంపేటప్పుడు నన్ను పక్కకు పిలిచాడు. "మేయ్, పొట్ట మీద ఒక గుడ్డ ముక్కన్నా అతికిచ్చు. ఊర్లో జనం చూడను వస్తారు. ఏం చూపియ్యాల?"

ఆయన అడిగిందాంట్లో న్యాయం ఉంది. మా పక్క ఆపరేషను అయినవాళ్లను చూడబోయేటప్పుడు రొట్టె ప్యాకెట్టు, నాలుగు మోసంబీలు పట్టుకుపోతారు. కూర్చున్న కాసేపటికి "ఏదీ, ఎన్ని కుట్లు?" అంటారు. కుట్లు చూడకుండా లేచి వస్తే పోయిన పని కానట్టే లెక్క. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ, "పుండు లేనిచోట గుడ్డ దేనికి, దండగ. పెట్టనంటే పెట్టను," అన్నాను. ఒక ప్లాస్టరు చుట్టను మిగతా ఆయాల కంటే మూడింతలు ఎక్కువ రోజులు వాడతానని నాకు గర్వం. ఆ రోజు జానెడు గుడ్డ అతికించి ఉంటే తర్వాత జరిగిందేదీ జరిగేది కాదు. పొదుపు చేయండి పిల్లలూ, వద్దనను. కానీ గుడ్డ దగ్గర పొదుపు చేసి మనిషిని పోగొట్టుకునే దాకా తెచ్చుకోకండి.

రెండు వారాలకు ఆయన భార్య నుంచి ఫోను వచ్చింది.

"వదినా, మా ఇంటాయప్ప ఆదివారం శిరివెళ్లకు పోయి వాత పెట్టిచ్చుకుంటాడంట."

"వాత ఎందుకు?"

"వచ్చినోళ్లంతా కుట్లు యాడ, కుట్లు యాడ అంటాండారు. ఈయప్ప చొక్కా ఎత్తితే పొట్ట నున్నగుండాది, పసిబిడ్డ మాదిరి. మా దాయాదాయన పోయినేడు కడుపులో రాళ్లకు కోపిచ్చుకున్యాడులే. ఆయన గూడా చొక్కా ఎత్తి, 'ఇదప్పా ఆపరేషనంటే. నీ మింద నీళ్లు జల్లి పంపిచ్చినారు' అనె. ఆ పొద్దు నుంచి ఈయప్ప అన్నం సరిగ్గా తినల్యా."

"దానికీ వాతకూ ఏం సంబంధం?"

"డాక్టరమ్మే చెప్పింది గదా, కాల్చే వైద్యం ఉండాదని. వాళ్లకు చేత కాక నీళ్లు పోసినారు, చేతనైనోని దగ్గరికి పోతా అంటాండాడు."

అప్పుడు అర్థమైంది నాకు ఆ తల ఊపడం. కామెర్లొచ్చినా, ఈర వాచినా వాత పెట్టించడం మా పక్క తాతల నాటి అలవాటు. పసుపు కొమ్ము కొన నూనెలో ముంచి, దీపానికి చూపించి, ఎర్రగా కాలాక డొక్కలో అంటిస్తారు. ఈర అంటే కాలేయమే.

డాక్టరమ్మకు చెప్పాను. ఆమె చేతిలో పెన్ను కింద పెట్టేసింది.

"డొక్కలోనా? అక్కడ కాలితే తొట్టి ఎక్కడ బిగించాలమ్మా? పుండు మానేదాకా ఆగాలి. రెండో గడ్డ ఆగదు. అది నాళం పక్కన ఉన్నది. ఇంకాస్త పెరిగిందంటే నేను కూడా ఏమీ చేయలేను."

అక్కడికక్కడే ఫోను చేసింది. పావుగంట చెప్పింది. "అట్లే తల్లీ, నువ్వెట్ల చెప్తే అట్లే," అన్నాడాయన. డాక్టరమ్మ సంతోషంగా ఫోను పెట్టేసింది. ఆమె వేరే ఊరి పిల్ల. మా పక్క మగవాళ్లు ఎదురు చెబుతుంటే వింటున్నట్టు, మర్యాదగా ఒప్పుకుంటే విననట్టు అని ఆమెకు తెలియదు. "ఆదివారం నేను పోయొస్తా మేడం," అన్నాను.

ఆళ్లగడ్డ బస్సెక్కి శిరివెళ్లలో దిగాను. వాతలాయన ఇల్లెక్కడని అడగాల్సిన పని కూడా లేకపోయింది. వాకిట్లో చెప్పులు వరుసగా పెట్టి ఉన్నాయి, వాటి మనుషులు గోడ నీడన కూర్చున్నారు. ఒకరి పని అయి చెప్పులు తీసుకుంటే మిగతావాళ్లు తమ చెప్పులు ఒక అడుగు ముందుకు జరుపుతున్నారు. అరుపుల్లేవు, తోపులాట లేదు. మా ఆస్పత్రి ఓపీలో టోకెన్లిచ్చినా ఇంత క్రమం నేను ఏనాడూ చూడలేదు.

మా పెద్దాయన నీడలో కూర్చుని సోడా తాగుతున్నాడు. నన్ను చూసి ముఖం విప్పార్చుకున్నాడు.

"నువ్వూ వచ్చినావా మేయ్? నీకేం జబ్బు?"

"నాకేం లేదు. లెయ్ పెద్దన్నా, ఇంటికి పోదాం."

"లేయను. నాలుగో జత చెప్పులు నావి."

డాక్టరమ్మ చెప్పిందంతా మళ్లీ చెప్పాను. పాతికేళ్ల నర్సులను ఏడిపించిన గొంతుతో చెప్పాను. ఆయన సోడా తాగుతూ విన్నాడు. ఈలోగా చెప్పులు నాలుగు నుంచి మూడు, మూడు నుంచి రెండు అయ్యాయి. ఇక ఆయనతో లాభం లేదని నేరుగా వాతలాయన దగ్గరికే పోయాను.

నేను గడ్డం పెంచుకున్న మంత్రగాణ్ని ఊహించుకున్నాను. తీరా చూస్తే సన్నటి మనిషి, కళ్లద్దాలు, ఉతికిన పంచె. మిగతా ఆరు రోజులూ సేద్యం చేసుకుంటాడట. దుడ్లు తీసుకోడు. ఒక్కొక్కరి పని అయ్యాక సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కుంటున్నాడు. మా ఆస్పత్రిలో కొందరికి ఆయన్ను చూపించాలనిపించింది. తిట్టడానికి తెచ్చుకున్న మాటలన్నీ పనికిరాకుండా పోయాయి. అందుకని బేరానికి దిగాను.

"అప్పా, ఈ పెద్దాయనకు పొట్ట మీద పెట్టొద్దు. రెండు వారాల్లో మల్లా ఆస్పత్రిలో పనుండాది. ఆడ తోలు బాగుండాల."

"ఈర గడ్డకు డొక్కలోనే పెట్టాలమ్మా."

"ఇంకో తావు లేదా?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని ఆలోచించాడు. "మణికట్టు మింద పెట్టొచ్చు."

"ఆడ సెలైను సూది ఎక్కియ్యాల."

"దండ చేతికి?"

"ఆడ బీపీ పట్టీ కడతారు."

"మెడ కింద?"

"ఆడ మత్తు డాక్టరుకు పనుంటాది."

"ఏమ్మా, ఈ మనిషి ఒళ్లంతా మీ ఆస్పత్రి పేరున పట్టా చేపిచ్చుకున్యారా?" అన్నాడు. నీడలో కూర్చున్నవాళ్లంతా నవ్వారు. అందులో ఒక ముసలామె, "కాలికి పెట్టప్పా, అదన్నా మిగిలుంటాదేమో," అంది.

వాతలాయన పెద్దాయన కాలు వైపు చూశాడు. "మా నాయన పెట్టేటోడు కాలికి. కాకుంటే ఆడ నుంచి ఈర దాకా పోవల్లంటే దూరం. టైం పడతాది."

"పట్టనీలే," అన్నాను.

"మూడు పెట్టాల."

"ఒకటి."

"రెండన్నా లేకుంటే ఎట్లమ్మా, ఇంత దూరానికి?"

"ఒకటే. అదీ చిన్నది. శనక్కాయ గింజంత."

"కాలు నాది," అన్నాడు పెద్దాయన. "మీరిద్దరే మాట్లాడుకుంటాండారే."

"నువ్వు గమ్మునుండు," అన్నాం మేమిద్దరమూ ఒకేసారి.

కుడికాలి మడమ పైన పెట్టాడు. చుర్రుమంది. ఒళ్లు కాలిన వాసన వచ్చింది. పెద్దాయన పళ్లు బిగించాడు, అంతలోనే ముఖంలోకి వెలుగు వచ్చింది. ఆస్పత్రిలో మెలకువ వచ్చాక మొదటిసారి ఆ మనిషి తృప్తిగా కనిపించాడు. "ఇప్పుడు జరిగింది వైద్యం," అన్నాడు. నేను కూడా తృప్తిగానే బస్సెక్కాను. సంతలో వంకాయలు బేరమాడి గెలిచినప్పుడు కూడా నాకు అంత సంతోషం కలగలేదు. పొట్ట దక్కింది, మనిషి కుదుటపడ్డాడు, మూడు వాతలు ఒకటయ్యాయి. డాక్టరమ్మతో మాత్రం, "పొట్టకేం కాలేదు మేడం," అని ఊరుకున్నాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది. ఆ వారమంతా నేను వరండాలో కొంచెం తలెత్తుకుని నడిచాను.

రెండోసారి చేసే రోజు వచ్చింది. మిషను సిద్ధం, నీళ్లు సిద్ధం. పెద్దాయన బల్ల మీద పడుకున్నాడు. పొట్ట అద్దంలా ఉంది. డాక్టరమ్మ నన్ను చూసి చిన్నగా నవ్వింది. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా మత్తు ఇచ్చే ముందు బిగుతు మేజోళ్లు తొడుగుతారు. డాక్టరమ్మే ఎడమకాలికి తొడిగింది. కుడికాలి మీది పంచె పక్కకు జరిపింది. మడమ పైన పసుపు పట్టించిన గుడ్డ చుట్టి ఉంది. విప్పింది. కాలు పిక్క దాకా వాచి ఉంది. మధ్యలో చీము.

"ఏమిటిది?"

"వాత తల్లీ," అన్నాడు పెద్దాయన గర్వంగా. "ఆయమ్మే దగ్గరుండి పెట్టిచ్చింది. మూడు పెట్టాల్సింది ఒకటికి తగ్గిచ్చింది. శానా మంచి మనిషి."

డాక్టరమ్మ నా వైపు తిరిగింది.

"పొట్టకు కాదు గదా మేడం," అన్నాను. ఆ మాట నా చెవికి చేరాక గానీ అది ఎంత వెర్రి మాటో తెలియలేదు.

"చక్కెర మనిషి కాలికా అమ్మా?" అంది. అంతే అంది.

చక్కెర జబ్బున్నవాళ్ల కాలికి ముల్లు గుచ్చుకుంటేనే ఎన్ని వేళ్లు పోతాయో నాకు తెలుసు. ముప్పై ఏళ్లు ఆ పుండ్లకు కట్లు కట్టేటప్పుడు గిన్నె పట్టుకుని నిలబడ్డాను. చెప్పుల్లేకుండా తిరిగే ప్రతి చక్కెర రోగినీ నోరారా తిట్టాను. అంత తెలిసిన నాకు శిరివెళ్లలో ఆ వాకిట్లో ఒక్కసారి కూడా చక్కెర గుర్తు రాలేదు. బేరం మీద ధ్యాసలో కాలును కాలుగా చూడలేదు, పొట్ట కాని చోటుగా చూశాను.

మత్తు డాక్టరు రక్తంలో చక్కెర చూసి, చీము చూసి, ఈ పరిస్థితిలో మత్తు ఇవ్వనన్నాడు. పెద్దాయనను బల్ల దించారు. తయారుచేసిన నీళ్లు తోడాల్సి వచ్చింది. ఆ రోజు వాటితో వరండా తుడవలేదు. మోరీలో పోసేశాను.

పెద్దాయన మా వార్డులోనే ఉండిపోయాడు. రోజూ కట్టు మార్చేటప్పుడు నేనే కాలు పట్టుకున్నాను, డ్యూటీ లేని రోజు కూడా వచ్చి పట్టుకున్నాను. పుండు రోజుకు గోరంత మానుతోంది. లోపల గడ్డ రోజుకు ఎంత పెరుగుతోందో తెలియదు. రెండో వారం తీసిన స్కాను చూసి డాక్టరమ్మ, "నాళం వైపే పెరుగుతోంది. ఇంకో పది రోజులు దాటితే వదిలేయాలి," అంది. ఆ రోజులన్నీ క్యాలెండరులో ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ గడిపాను. ఆయన భార్య నన్ను ఒక్క మాట అనలేదు. ఇంటి నుంచి వచ్చినప్పుడల్లా నాకొక జొన్నరొట్టె వేరే మూట కట్టి తెచ్చేది. తిట్టి ఉంటే ఇంకొంచెం సులువుగా ఉండేది.

పెద్దాయన మటుకు హుషారుగా ఉన్నాడు. ఇప్పుడు చూడను వచ్చినవాళ్లకు చూపించడానికి మోకాలి కింద నుంచి వేళ్ల దాకా పెద్ద కట్టు ఉంది. ఆ దాయాది కూడా మోసంబీలు పట్టుకుని వచ్చాడు. కట్టు చుట్టూ తిరిగి చూశాడు.

"ఏందప్పా ఇంత పెద్ద కట్టు? దేనికి?"

"ఈర ఆపరేషను," అన్నాడు పెద్దాయన.

దాయాది చొక్కా ఎత్తలేదు. మోసంబీలు పెట్టి గమ్మున పోయాడు.

గడువు ఇంకా రెండు రోజులుందనగా మత్తు డాక్టరు సరే అన్నాడు. రెండో గడ్డకు చేసిన రోజు నీళ్లు అందించేటప్పుడు ఒక్క బుడగ కూడా లేవనివ్వలేదు. మూడు నెలల తర్వాత స్కాను తీశారు. రెండు గడ్డలున్న చోట మాసిన మచ్చలే మిగిలాయి. "గడ్డలు రెండూ చచ్చాయి పెద్దాయనా. కానీ పరీక్షకు వస్తూనే ఉండాలి," అంది డాక్టరమ్మ, కళ్లు తుడుచుకుంటూ. నేనూ కొంగు అడ్డం పెట్టుకున్నాను.

పెద్దాయన తన కుడికాలు వైపు చూసుకుని తల ఊపాడు. "దూరం గదా తల్లీ," అన్నాడు. "అందుకే టైం పట్టింది."

మేము నవ్వాం. నవ్వి వదిలేశాం. అది కూడా తప్పే. ఆయన్ను ఆ రోజే కూర్చోబెట్టి వాదించాల్సింది. ఆళ్లగడ్డ నుంచి పాములపాడు దాకా ఎవరడిగినా ఆయన చొక్కా ఎత్తలేదు, పంచె ఎత్తి కాలు చూపించాడు. పొట్ట మీద చూపించడానికి ఏముంది గనక?

నేను పని మానుకునే ముందు నెలలో బండి ఆత్మకూరు పక్క పల్లె నుంచి ఒకామె భర్తతో వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. కాలేయంలో గడ్డ. డాక్టరమ్మ ఆమెను బల్ల మీద పడుకోబెట్టి పరీక్ష చేస్తూ కాళ్లలో వాపు ఉందేమోనని చీర అంచు కొంచెం జరిపింది. కుడి మడమ పైన శనక్కాయ గింజంత నల్లటి మచ్చ.

"ఇదెక్కడ కాల్చుకున్నారు?"

"శిరివెళ్లలో మేడం," అంది ఆమె. "నాలుగు నెల్లాయ. ఈరకు కాలికే పెట్టాలంట గదా. దూరం, టైం పడతాదంటే, సరేలే అని చూసుకుంటా ఉంటిమి."

భర్త అందుకున్నాడు. "ఆళ్లగడ్డ పక్క ఒక పెద్దాయనకు అట్లనే గడ్డ పోయిందంట మేడం. మీ ఆస్పత్రి ఆయమ్మే దగ్గరుండి పెట్టిచ్చిందంట. అందుకే నమ్మినాం."

డాక్టరమ్మ నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది. వాళ్లు తెచ్చిన నాలుగు నెలల కిందటి స్కాను, ఇప్పటి స్కాను పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది. అప్పుడున్నది ఒక్క గడ్డ, ఇప్పుడు మూడు.

"చెయ్యొచ్చా మేడం?" అన్నాను నేనే.

"ఒకదానికి చెయ్యొచ్చు," అంది. మిగతా రెండింటి గురించి ఏమీ అనలేదు.

నేను బల్ల దగ్గరికి పోయాను. "ఆ ఆయమ్మను నేనే," అన్నాను. తప్పు ఒప్పుకుందామనే అన్నాను. మిగతాది చెప్పేలోపు ఆమె బల్ల దిగి నా కాళ్లకు దండం పెట్టింది. ముప్పై ఒక్క ఏళ్లు ఎత్తిన బెడ్‌పాన్లకు, తుడిచిన నెత్తురుకు నాకెవరూ దండం పెట్టలేదు. పెట్టిన ఒక్క మనిషీ దీనికి పెట్టింది.

ఆమెను లేపి, బల్ల మీద కూర్చోబెట్టి, ఉన్నదంతా చెప్పాను. పెద్దాయనను బతికించింది నీళ్లలోంచి పోయిన చప్పుడేనని, వాత ఆయన్ను చంపబోయిందని, కాలు అన్నది నేను పొట్టను తప్పించడానికి ఆడిన బేరమేనని, నాలుగు నెలలు పోయింది నా వల్లేనని చెప్పాను. అర్థం కాలేదేమోనని ఇంకోసారి మొదటి నుంచి చెప్పాను. ఆమె నా ముఖంలోకే చూస్తూ, మధ్యలో ఒక్క మాట కూడా అడ్డు రాకుండా విన్నది.

విని, "అయితే ఎడమ కాలికి గూడా పెట్టిచ్చుకోమంటావా అమ్మా?" అంది.